సెల్ఫు కొడితే "టక్" మంటుంది, అంతే!

మిసోరి రాష్ట్రంలో మేముండే ఊరికి గంట దూరంలో పదెకరాల నేల కొన్నాను. ఇరవై ఏళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని సంపాదించినది తీసుకెళ్ళి మళ్ళీ మట్టిలోనే పోశావు, దీనికి ఇంత దూరం రావడం ఎందుకు అని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. నేలంటూ ఉన్నాక గడ్డి కొయ్యాలి. గడ్డి కొయ్యడానికి ట్రాక్టరు కావాలి. కొత్తది కొనే తాహతు లేక 1951 నాటి ఫోర్డు 8ఎన్ ఒకటి కొన్నాను. అమ్మినాయన దానికి కొత్తగా రంగు వేయించి ఇచ్చాడు. పైన బూడిద రంగు, పొట్ట కింద ఎరుపు, పెళ్ళికూతురిలా ఉంది. ఈ రంగు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఈ ట్రాక్టరుకీ మన ఊళ్ళలో తిరిగే ట్రాక్టర్లకీ చుట్టరికం ఉంది. హేరీ ఫెర్గూసన్ అనే ఐరిష్ ఆయన, ట్రాక్టరు వెనక నాగలిని మూడు చోట్ల తగిలించి హైడ్రాలిక్కుతో ఎత్తి దింపే పద్ధతి కనిపెట్టాడు. 1938లో ఆయనా, హెన్రీ ఫోర్డూ కాగితం మీద సంతకం లేకుండా చేతిలో చెయ్యి వేసుకుని ఒప్పందం చేసుకున్నారు. ముసలాయన మనవడి చేతికి కంపెనీ వచ్చాక ఆ ఒప్పందం చెడింది. ఫెర్గూసన్ పేరు లేకుండా ఫోర్డు వారు 1947లో 8ఎన్ తెచ్చారు. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీ కుదిరింది. తరవాత ఫెర్గూసన్ కంపెనీ మేస్సీ హేరిస్‌తో కలిసింది, మేస్సీ ఫెర్గూసన్ అయింది. మద్రాసులో టాఫే వారు 1960ల నుంచి చేస్తూ వచ్చిన మేస్సీలు ఆ కొమ్మవే. అంచేత మా నాన్న ఆ 8ఎన్ వెనక వైపు చూసి "ఇది మన మేస్సీకి పెదనాన్న లాగుందిరా" అన్నారంటే తప్పేమీ లేదు.

వేసవంతా అది బాగానే పని చేసింది. నవంబరు మొదటి వారంలో ఒక చలి పొద్దున స్టార్టరు బొత్తాం నొక్కితే "టక్" మంది. అంతే. ఇంకోసారి "టక్". నాలుగోసారికి ఇంజను అర చుట్టు మూలిగి ఆగిపోయింది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. ట్రాక్టరు స్టార్టవటం లేదు అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, సెల్ఫు (స్టార్టరు మోటారుని మన వైపు అలాగే అంటారుగా) ఇంజనుని గిరగిరా తిప్పుతోంది గాని ఇంజను అందుకోవటం లేదు. అది పెట్రోలుదో, నిప్పురవ్వదో, డీజిలు ఇంజనయితే గాలి పట్టిన పైపుదో సమస్య. రెండోది, ఇంజను అసలు తిరగటమే లేదు. ఇది పూర్తిగా వేరే జబ్బు. పెట్రోలు ఉందా, ప్లగ్గులు బాగున్నాయా అన్న ప్రశ్నలకి ఇక్కడ తావు లేదు. కంగారులో ఈ రెండూ కలిపేసి, తిరగని ఇంజనుకి కార్బురేటరు విప్పి శుభ్రం చేసిన వాళ్ళని నాకు తెలుసు. ఈ వ్యాసం రెండో జబ్బు గురించి.

తిరగని ఇంజను కూడా మనతో మాట్లాడుతుంది. బొత్తాం నొక్కినప్పుడు చిన్న చప్పుడు కూడా లేదంటే, బొత్తాం నుంచి సొలినాయిడ్ దాకా ఉన్న సన్న తీగల దారిలో ఎక్కడో తెగింది, లేదా బేటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఒక్క "టక్" అని ఊరుకుంటే సొలినాయిడ్ తన పని తాను చేసింది, పెద్ద కరెంటు మాత్రం మోటారుకి చేరలేదు. లేదా మోటారే పట్టేసింది, లేదా ఇంజనే బిగుసుకుంది. "టకటకటక" అని గోరింకలా కొట్టుకుంటుంటే బేటరీ నీరసంగా ఉన్నట్టు: సొలినాయిడ్ అంటుకోగానే వోల్టేజి పడిపోతుంది, పడగానే అది వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేస్తుంది, మళ్ళీ అంటుకుంటుంది. "గుయ్‌ఁ" మని మోటారు ఒక్కటే తిరిగి ఇంజను కదలకపోతే బెండిక్స్ పళ్ళు ఫ్లైవీలు మీది పళ్ళని అందుకోలేదన్న మాట. మూలుగుతూ అర చుట్టు తిరిగితే, మోటారుకి తిండి చాలడం లేదు.

మాది "టక్" కీ మూలుగుకీ మధ్య రకం. నేను తెలివైన వాడినని నమ్మకం కాబట్టి తిన్నగా వెళ్ళి కొత్త బేటరీ కొన్నాను. బిగించాను. "టక్". స్టార్టరు మోటారు విప్పి పక్క ఊరి షాపులో ఇచ్చాను. వారు బల్ల మీద పెట్టి తిప్పి చూపించి, కార్బన్ బ్రష్షులు మార్చి, బుషింగులు మార్చి డబ్బు తీసుకున్నారు. తెచ్చి బిగించాను. "టక్". అప్పటికి ఆ ట్రాక్టరు వెలలో ఆరో వంతు ఖర్చయింది. పక్క పొలం ముసలాయన కంచె మీద మోచేతులు ఆనించి నేను చేసేదంతా చూసి, "మీటరు పెట్టి కొలిచావా?" అని ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. కొలవలేదు.

మరునాడు కొలుద్దామనుకుంటుండగా జరిగిన సంగతి ముందు చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఆ ఏడు మా నాన్న ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చారు. తెనాలి దగ్గర మాగాణి చేసిన మనిషి, ముప్ఫై ఏళ్ళు ట్రాక్టరు తోలిన మనిషి. నేను మీటరు వెతుక్కుంటుంటే ఆయనకి విసుగేసింది. "ఒరేయ్, ఆ స్క్రూడ్రైవరు ఇటియ్యి. మీ చదువులతో పొద్దుపోతుంది" అంటూ పెద్ద చక్రం ముందు వంగి, సొలినాయిడ్ మీది రెండు లావు బోల్టులకీ స్క్రూడ్రైవరు అడ్డంగా ఆనించారు. మన ఊళ్ళలో సెల్ఫు పని చెయ్యనప్పుడు అందరూ చేసే పనే. నిప్పులు చిమ్మాయి. ట్రాక్టరు ముందుకి కదిలింది.

నేల ఏటవాలుగా ఉందని ముందు రోజు నేను దాన్ని ఫస్టు గేరులో ఆపి ఉంచాను. మామూలుగా 8ఎన్‌లో గేరులో ఉండగా స్టార్టరు బొత్తాం నొక్కుడు పడదు. ఆ బొత్తాం గేరు రాడ్డు పక్కనే ఉంటుంది, గేరు న్యూట్రల్లో ఉంటే తప్ప లోపలికి దిగకుండా అడ్డు పెట్టారు. ఫెర్గూసన్ సొంతంగా ఇంగ్లండులో చేయించిన టీఈ20లో అయితే స్టార్టు చెయ్యడానికి గేరు రాడ్డునే వేరే స్థానంలోకి తొయ్యాలి. అంటే గేరులో ఉండగా స్టార్టు చేసే వీలే లేదు. అంత జాగ్రత్తగా చేసి పెట్టిన ఏర్పాటుని ఒక్క స్క్రూడ్రైవరు దాటేసింది.

తాళం తీసి ఉంది గనక ఇంజను అందుకోలేదు. కానీ ఫస్టు గేరులో ట్రాక్టరుని కదిలించడానికి స్టార్టరు మోటారు ఒక్కటే చాలు. మా నాన్న మోకాలికీ ఆ చక్రానికీ మధ్య జానెడు దూరం ఉంది. ట్రాక్టరు అందులో సగం కదిలి ఆగింది. ఎందుకాగిందీ అంటే, నేను రెండు వారాలుగా తిట్టుకుంటున్న ఆ జబ్బు వల్లే మోటారుకి కరెంటు చాలలేదు. జబ్బు కుదిరి ఉంటే ఆగేది కాదు.

మా నాన్న స్క్రూడ్రైవరు కింద పెట్టి మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి, మా చిన్నప్పుడు ఊళ్ళో మా ట్రాక్టరు తోలే అతని కాలు ఎలా పోయిందో చెప్పారు. నాకు అప్పట్లో "యాక్సిడెంటు" అని మాత్రం చెప్పారు. అదీ ఇలాగే. దమ్ము చేసి వచ్చి గేరులో ఆపాడు, పొద్దున సెల్ఫు పలకలేదు, చక్రం ముందు నిలబడి స్క్రూడ్రైవరు పెట్టాడు. అది డీజిలు ఇంజను. డీజిలుకి నిప్పురవ్వతో పని లేదు, తాళంతో పని లేదు. స్టాప్ రాడ్డు లాగి లేకపోతే రెండు చుట్లు తిరగగానే అందుకుంటుంది. అందుకున్న ట్రాక్టరు మనిషి కోసం ఆగదు. నిలబడ్డ చోటు చూడండి, వెనక చక్రం దారిలో సరిగ్గా మధ్యలో. పక్కకి దూకడానికి అర సెకను కూడా ఉండదు. అమెరికాలో కొత్త ట్రాక్టర్లకి స్టార్టరు మీద మూత పెట్టి, బొమ్మతో హెచ్చరిక అంటించేది దీనికోసమే. ఆ మూత అడ్డుగా ఉందని పీకేసిన ట్రాక్టర్లు కూడా చూశాను.

సరే, జబ్బు దగ్గరికి వద్దాం.

మా డెల్టా వాళ్ళకి కరెంటు గురించి చెప్పడం సులువు. కాలవలో నీటి మట్టం వోల్టేజి. తూము గుండా పారే నీరు కరెంటు. తూములో పేరుకున్న పూడిక నిరోధం. పూడిక పట్టిన తూము నుంచి సన్నటి ధార వస్తూనే ఉంటుంది. బిందె పెడితే నిండుతుంది. బిందె నిండింది కదా, తూము బాగానే ఉంది అనుకుంటే మడి ఎండిపోతుంది. బిందెకి కావలసిన నీరు వేరు, మడికి కావలసిన నీరు వేరు.

ట్రాక్టరులో బిందె ఏమిటంటే హెడ్‌లైటు. "లైటు దివ్యంగా వెలుగుతోంది, బేటరీ, తీగలు బాగానే ఉన్నాయి" అని నేను చేసిన నిర్ణయం బిందె చూసి చేసిన నిర్ణయమే. లెక్క చూడండి. ఒక అతుకు దగ్గర చిలుము పట్టి ఓములో నూరో వంతు నిరోధం వచ్చిందనుకుందాం. హెడ్‌లైటుకి 5 ఆంపియర్లు చాలు. అయిదుని నూరో వంతుతో గుణిస్తే 0.05 వోల్టు. అంత పోయినా కంటికి తెలియదు. అదే అతుకు గుండా స్టార్టరు మోటారు 200 ఆంపియర్లు లాగబోతే? 2 వోల్టులు అక్కడే పోతాయి. 8ఎన్‌కి కర్మాగారంలో పెట్టినది 6 వోల్టుల బేటరీ. ఆరులో రెండు పోతే మూడో వంతు పోయినట్టే.

పాత 6 వోల్టుల బళ్ళు ఇలాంటి జబ్బులకి ఎందుకంత లోకువో ఇక్కడే తెలుస్తుంది. అదే పని 12 వోల్టుల మోటారు చెయ్యాలంటే సగం కరెంటు, అంటే 100 ఆంపియర్లు చాలు. అదే చిలుము దగ్గర పోయేది 1 వోల్టు. పన్నెండులో ఒకటి. మూడో వంతు ఎక్కడ, పన్నెండో వంతు ఎక్కడ? సరిగ్గా నాలుగు రెట్లు తేడా. ఇందుకే 6 వోల్టుల ట్రాక్టరుకి బొటనవేలంత లావు కేబుళ్ళు ఉండాలి. కారు సామాన్ల షాపులో దొరికే 12 వోల్టుల కేబులు చూడటానికి బాగానే ఉంటుంది గాని దీనికి సరిపోదు. పాత ట్రాక్టర్లలో సగానికి సగం జబ్బులు ఎవరో ఎప్పుడో మార్చిన సన్న కేబులు వల్ల వచ్చినవేనని నా అనుమానం.

మరి ఆ నూరో వంతు ఓముని పట్టుకోవడం ఎలా? మల్టీమీటరుని ఓముల మీద పెట్టి కొలిస్తే దొరకదు. మీటరు సొంత తీగల నిరోధమే అంతకు పది ఇరవై రెట్లు ఉంటుంది. గ్రాముల తూకం బియ్యం బస్తాల కాటా మీద వెయ్యడం లాంటిదది. అంచేత నిరోధాన్ని కాదు, అక్కడ పోగొట్టుకున్న వోల్టేజిని కొలవాలి. అదీ మోటారు కరెంటు లాగుతున్నప్పుడే కొలవాలి. కరెంటు పారకుండా కొలిస్తే ఎంత చిలుము పట్టిన అతుకైనా నిక్షేపంలా కనిపిస్తుంది.

దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ముందు గేరు న్యూట్రల్లో ఉందని ఒకటికి రెండు సార్లు చూడండి. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. తాళం తీసెయ్యండి, 8ఎన్‌లో తాళం లేకపోయినా బొత్తాం నొక్కితే మోటారు తిరుగుతుంది, మన పనికి అదే మేలు, ఇంజను పొరపాటున కూడా అందుకోదు. ఒకరు సీట్లో కూర్చుని బొత్తాం నొక్కాలి. రెండో వారు మీటరు తీగలకి మొసలి క్లిప్పులు పెట్టి, తగిలించి, చక్రం దారి నుంచి తప్పుకుని నిలబడి చదవాలి. మా ఇద్దరిలో ఈ సారి సీట్లో కూర్చున్నది మా నాన్న.

ఒక చిన్న చిక్కు: ఈ ట్రాక్టరుకి బేటరీ ప్లస్సు బాడీకి కట్టి ఉంటుంది, మైనస్సు కాదు. మీటరు నల్ల తీగ బాడీకి పెట్టే అలవాటు ఉంటే అంకె ముందు మైనస్ గుర్తు కనిపిస్తుంది. గాభరా పడనక్కర లేదు, అంకె చాలు. కొత్తగా కొన్న వాళ్ళు బేటరీని తిరగేసి కట్టడం మామూలే. విచిత్రం ఏమిటంటే, అలా కట్టినా స్టార్టరు మోటారు సరైన వైపుకే తిరుగుతుంది. అందులో అయస్కాంతం కూడా తీగ చుట్టలతో చేసినదే గనక రెండూ కలిసి తలకిందులవుతాయి, ఫలితం మారదు. డైనమోకి మాత్రం అది పనికిరాదు.

మాకు వచ్చిన అంకెలు ఇవి. ఊరికే ఉన్నప్పుడు బేటరీ కొనల మధ్య 6.3 వోల్టులు. మూడు గదులు, గదికి 2.1, సరిపోయింది, బేటరీ నిండుగానే ఉంది. మా నాన్న బొత్తాం నొక్కినప్పుడు అదే చోట 5.6. ఇదీ మంచిదే, అయిదుకి బాగా దిగువకి పోతే బేటరీని అనుమానించాలి. ఇప్పుడు మీటరు తీసుకెళ్ళి మోటారు బోల్టుకీ మోటారు ఒంటికీ మధ్య పెట్టి నొక్కితే 3.1! బేటరీ ఇస్తున్నది 5.6, మోటారుకి అందుతున్నది 3.1. మధ్యలో 2.5 వోల్టులు ఎవరో తినేస్తున్నారు.

దొంగని పట్టడం ఇక లెక్కల పని. దారిని ముక్కలు చేసి ఒక్కొక్క ముక్క రెండు కొనల మధ్యా కొలవాలి. బేటరీ మైనస్సు కొన నుంచి సొలినాయిడ్ మొదటి బోల్టు దాకా 0.2. సొలినాయిడ్ రెండు బోల్టుల మధ్య 0.2. అక్కడి నుంచి మోటారు బోల్టు దాకా 0.1. ఇక మిగిలినది తిరుగు దారి, మోటారు ఒంటి నుంచి బాడీ గుండా బేటరీ ప్లస్సు దాకా: 2.0. అన్నీ కూడితే 2.5, దొంగతనం మొత్తం లెక్క తేలింది. చాలా మంది కొలవని దారి ఇదే. వెళ్ళే కేబులుని అందరూ చూస్తారు, తిరిగొచ్చే దారి ఇనపముక్క కదా అని ఎవరూ పట్టించుకోరు.

ఆ తిరుగు దారిని మళ్ళీ ముక్కలు చేస్తే 1.7 వోల్టులు ఒక్క చోట దొరికాయి. బేటరీ ఎర్తు పట్టీ బాడీకి బోల్టుతో బిగించిన చోట. మా నాన్న వేలు పెట్టి "ఇది కాలుతోందిరా" అన్నారు. కాలదూ మరి? నూట యాభై ఆంపియర్లు పారినా 1.7తో గుణిస్తే 250 వాట్లు పైమాటే. అంత వేడి ఆ బోల్టు కింద పుడుతోంది. చేతిలో మీటరు లేని చోట ఇదే పరీక్ష: కొన్ని సెకన్లు నొక్కి, గేరూ తాళమూ చూసుకుని, ఒక్కొక్క అతుకునీ ముట్టుకోండి. వేడిగా ఉన్నదే దొంగ.

విప్పి చూస్తే పట్టీ కింద తళతళలాడే ఎర్ర రంగు. అమ్మినాయన వేయించిన రంగు! బాడీ అంతా రంగు కొట్టి, దాని మీద పట్టీ బిగించారు. బోల్టు మరల గుండా వచ్చే కాస్త దారిలో వేసవంతా నెట్టుకొచ్చింది. చలి రాగానే నూనె చిక్కబడి ఇంజను బరువెక్కింది, మోటారు ఎక్కువ కరెంటు అడిగింది, ఆ దారి చాలలేదు. గరుకు కాగితంతో ఇనుము మెరిసే దాకా రుద్దాం. పట్టీ కొన కూడా రుద్దాం. కొత్త లావు పట్టీ బిగించి, పైన గాలి తగలకుండా కాస్త వేజలీను రాశాం. మళ్ళీ కొలిస్తే బేటరీ దగ్గర 5.2, మోటారు దగ్గర 4.7. మొత్తం నష్టం అర వోల్టు. బేటరీ దగ్గర ఇంతకు ముందు కంటే తగ్గిందేమిటని అనుమానం రావచ్చు. ఇప్పుడు మోటారు నిజంగా లాగుతోంది, అందుకని. ఇంజను గిరగిరా తిరిగింది. తాళం పెట్టి నొక్కితే రెండో చుట్టులో అందుకుంది. ఖర్చు: ఒక పట్టీ, ఒక గరుకు కాగితం.

విప్పేటప్పుడు ఒక వరస ఉంది. బాడీకి కట్టిన కొనని ముందు విప్పాలి, చివర బిగించాలి. ఈ ట్రాక్టరులో అది ప్లస్సు. "మైనస్ ముందు విప్పాలి" అని కారు దగ్గర నేర్చుకున్నది ఇక్కడ తిరగబడుతుంది. మైనస్ విప్పుతుండగా స్పానరు బాడీకి తగిలిందో, వెల్డింగే. అప్పుడే చార్జి చేసిన బేటరీ చుట్టూ హైడ్రోజను వాయువు ఉంటుంది, నిప్పురవ్వ పడితే బేటరీ పేలి ఆమ్లం మొహాన పడుతుంది. బేటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి చిలుముకి వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళు మంచి మందు. సోడా నీళ్ళు బేటరీ లోపలికి మాత్రం పోకూడదు.

అందరి జబ్బూ ఎర్తు పట్టీలోనే ఉండదు. 8ఎన్ కొన్న వాళ్ళని ఏడిపించేది ఇంకొకటుంది, సొలినాయిడ్. ఈ ట్రాక్టరు సొలినాయిడ్ లోపలి చుట్టకి ఒక కొన బేటరీ నుంచి లోపలే అందుతుంది. రెండో కొన చిన్న బోల్టుగా బయటికొస్తుంది. స్టార్టరు బొత్తాం చేసే పనల్లా ఆ చిన్న బోల్టు తీగని బాడీకి తాకించడమే. తరవాతి ఫోర్డు కార్లకి వచ్చిన సొలినాయిడ్ చూడటానికి అచ్చు ఇలాగే ఉంటుంది గాని లోపల కథ తలకిందులు: చుట్ట ఒక కొన దాని ఒంటికే కట్టేసి ఉంటుంది, చిన్న బోల్టుకి మనం బేటరీ కరెంటు ఇవ్వాలి. దాన్ని తెచ్చి 8ఎన్‌కి బిగిస్తే బొత్తాం ఎంత నొక్కినా నిశ్శబ్దమే. ఇప్పటికే బాడీకి కట్టి ఉన్న దాన్ని మళ్ళీ బాడీకి తాకిస్తే ఏమవుతుంది? కొత్త సొలినాయిడ్ బిగించినప్పటి నుంచే చప్పుడు లేదంటే ముందు ఇది చూడండి. తప్పు బొత్తాందా, సొలినాయిడ్‌దా తేల్చుకోవాలంటే చిన్న బోల్టుకి రెండు మీటర్ల తీగ కట్టి, న్యూట్రల్ చూసుకుని, సీట్లో కూర్చుని, ఆ తీగ రెండో కొన బాడీకి తాకించండి. సీట్లో కూర్చునే. తీగ పొడుగు ఉండేది అందుకే.

బెండిక్స్ మురికి పట్టి జారకపోతే కిరసనాయిలుతో కడిగి ఆరబెడితే చాలు. దానికి గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి మళ్ళీ మొదటికొస్తుంది. పళ్ళు ఫ్లైవీలులో ఇరుక్కుపోతే తాళం తీసి, బేటరీ విప్పి, టాపు గేరులో పెట్టి, బండిని వెనక్కి ఊపితే తరచు వదులుతుంది.

మీటరు అంకెలన్నీ బాగున్నా ఇంజను కదలకపోతే ఇంజనే బిగుసుకుందేమో చూడాలి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఫాను పట్టుకుని చేత్తో తిప్పండి. ప్లగ్గులు తీశాక తిరిగితే ఇంజనుకి ప్రాణం ఉన్నట్టే. తిప్పేటప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్ళు చిమ్మితే, సిలిండరులోకి నీరు దిగి ఇంతసేపూ అదే అడ్డుపడిందన్న మాట; ఆ నీరుండగా సెల్ఫు బలంగా కొట్టి ఉంటే కనెక్టింగు రాడ్డు వంగేది. అసలే కదలకపోతే తుప్పు. సిలిండర్లలో తుప్పు వదిలే నూనె పోసి వారాల తరబడి ఓపిక పట్టాలి. ఇంకో ట్రాక్టరుతో లాగి బలవంతాన కదిలించిన వాళ్ళు పిస్టన్లు పగలగొట్టుకున్నారు.

మా పక్క పొలం ముసలాయన లాంటి వాళ్ళు 6 వోల్టుల ట్రాక్టరుని 12 వోల్టుల పికప్పు నుంచి కేబుళ్ళు వేసి స్టార్టు చేస్తారు. మోటారు అదిరిపోయేలా తిరుగుతుంది కూడా. కానీ 6 వోల్టుల బేటరీ ఆ దెబ్బకి ఉడికిపోతుంది, లైటు వేసి ఉంటే బల్బు పోతుంది. నేను చెయ్యను. ట్రాక్టరునే 12 వోల్టులకి మార్చెయ్యమని కూడా చాలా మంది సలహా ఇస్తారు. చలి ఎక్కువగా ఉండే చోట అది సబబే. నేను ఇంకా మార్చలేదు. డెబ్భై ఏళ్ళకి పైబడి ఆరుతోనే బతికింది కదా అని.

మా నాన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళిపోయారు. మొన్న ఫోను చేసి, తెనాలిలో మల్టీమీటరు ఒకటి కొన్నానన్నారు. "మన మేస్సీకి బాడీ ఎర్తు దగ్గర ముప్పావు వోల్టు చూపిస్తోందిరా. పన్నెండులో ముప్పావంటే పరవాలేదా?"

"విప్పి గరుకు కాగితం పట్టించండి నాన్నా" అన్నాను. "సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"మీ అమ్మ" అన్నారు.